గీత మొత్తం చదవాలంటే రోజుకి ఎన్ని శ్లోకాలు?

గీత మీద వీడియో పెట్టిన ప్రతిసారీ వచ్చే ప్రశ్న ఇది: "అక్కా, మొత్తం చదవాలని ఉంది, రోజుకి ఎంత చదవాలి?" వీడియోలో రెండు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ కాస్త తీరిగ్గా లెక్క వేసుకుందాం.

ముందు సైజు చూడండి. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. మహాభారతంలో భీష్మపర్వంలో ఒక చిన్న భాగం, అంతే. జేబులో పట్టే పుస్తకం మీ ఇంట్లో దేవుడి గదిలో ఎక్కడో ఉండే ఉంటుంది. అయినా చాలామంది రెండో వారం దాటరు. నా ఉద్దేశంలో దానికి కారణం మొదటి రోజు పెట్టుకున్న వేగమే.

ఎక్కువమంది వేసుకునే ప్లాన్ రోజుకో అధ్యాయం. కురుక్షేత్ర యుద్ధం కూడా 18 రోజులే కదా అని ఒక సెంటిమెంటు. కానీ అధ్యాయాలన్నీ సమానంగా లేవు. 12, 15 అధ్యాయాల్లో ఇరవయ్యేసి శ్లోకాలే. 2వ అధ్యాయంలో 72, 18వ దాంట్లో 78. అంటే ప్లాన్ మొదలైన రెండో రోజే గోడ! పైగా ఆ 2వ అధ్యాయంలోనే ఆత్మ, స్వధర్మం, కర్మయోగం, స్థితప్రజ్ఞుడు, అన్నీ వరసగా వచ్చేస్తాయి. రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వచ్చి అదంతా ఒక్క కూర్చోవడంలో చదివితే బుర్రలో ఏం మిగులుతుంది? మూడో రోజు మానేస్తాం, నాలుగో రోజు పుస్తకం వైపు చూడాలంటేనే మొహమాటం.

నేను చెప్పే వేగం రోజుకి ఐదు శ్లోకాలు, వారానికి ఆరు రోజులు. శ్లోకం ఒకసారి పైకి చదివి, తాత్పర్యం చదివి, కాస్త ఆగితే శ్లోకానికి రెండు నిమిషాలు. మొత్తం పది నిమిషాలు. వారానికి 30 శ్లోకాలు, 24 వారాల్లో గీత పూర్తవుతుంది. అంటే ఐదున్నర నెలలు. ఏడో రోజు ఖాళీగా ఉంచండి. తప్పిపోయినవి ఆ రోజు చదువుకోవచ్చు, ఏమీ తప్పకపోతే నచ్చిన శ్లోకం మళ్లీ చూసుకోవచ్చు. ఐదు కూడా ఎక్కువనిపిస్తే రెండు పెట్టుకోండి, 350 రోజులు పడుతుంది. తొందరేముంది? ఆదివారం పొద్దున ఉత్సాహంలో వేసుకున్న ప్లాన్ బుధవారం రాత్రి కూడా నడవాలి, చూసుకోవాల్సింది అదొక్కటే.

అలాగని ఐదు కాగానే మాట మధ్యలో ఆపేయకండి. 2వ అధ్యాయమే తీసుకోండి. మొదటి 10 శ్లోకాల్లో అర్జునుడు యుద్ధం చేయనని చెప్పి మౌనంగా ఉండిపోతాడు. 11 నుంచి 30 దాకా ఆత్మ గురించి. 31 నుంచి 38 స్వధర్మం. 39 నుంచి 53 కర్మయోగం. 54లో అర్జునుడు స్థితప్రజ్ఞుడు ఎలా ఉంటాడని అడుగుతాడు, 72 దాకా దానికే జవాబు. ఈ మలుపుల దగ్గర ఆగితే మర్నాడు మొదలుపెట్టడం తేలిక. ఒక రోజు మూడు, ఒక రోజు ఎనిమిది అయినా పరవాలేదు. 1వ అధ్యాయం మాత్రం కథలా గబగబా చదివేయండి, ఎవరు ఏ శంఖం ఊదారో బట్టీ పట్టక్కర్లేదు. 11వ అధ్యాయం, విశ్వరూపం, 55 శ్లోకాలూ వీలైతే ఒకే రోజు కూర్చుని చదవండి. ఐదేసి చొప్పున ముక్కలు చేస్తే ఆ భయం, ఆ ఆశ్చర్యం చల్లారిపోతాయి.

పుస్తకాన్ని బట్టి కూడా వేగం మారుతుంది. నేను చెప్పిన లెక్క గీతాప్రెస్ వాళ్ల చిన్న తాత్పర్యం పుస్తకానికి. విద్యాప్రకాశానందగిరి స్వామి గీతామకరందం లాంటి పెద్ద వ్యాఖ్యానం పట్టుకుంటే రోజుకి ఒక్క శ్లోకం చాలు. ఘంటసాల గారి గీత వినడం బాగుంటుంది గానీ అవి ఏరిన శ్లోకాలు, మొత్తం 700 కావు. (మనవాళ్లు దాన్ని చావు ఇంటి పాట చేసేశారు! ఇంట్లో పెడితే అమ్మమ్మ కంగారుపడితే మెల్లగా చెప్పండి.)

ఇంకో భయం, మధ్యలో ఆగితే దోషమా అని. సంకల్పం చెప్పుకుని చేసే పారాయణకి నియమాలు వేరు, అవి మీ ఇంటి పెద్దల్ని అడగండి. అర్థం కోసం చదువుకునేదానికి ఆ భయం అక్కర్లేదు. అసలు ఈ ప్రశ్న అర్జునుడే వేశాడు. 6వ అధ్యాయం 37వ శ్లోకం నుంచి చూడండి: శ్రద్ధగా మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడి గతి ఏమిటి, రెంటికీ చెడ్డ రేవడి అవుతాడా అన్నట్టు అడుగుతాడు. మంచి పని చేసేవాడికి దుర్గతి లేదని 40లో కృష్ణుడు జవాబిస్తాడు. యోగం గురించి వచ్చిన మాట అది, మన చదువుకి కూడా ధైర్యం ఇస్తుంది. అంచేత నాలుగు రోజులు తప్పితే ఇరవై శ్లోకాల బాకీ తీర్చడానికి కూర్చోకండి. ఆగిన చోటు నుంచి ఐదు చదవండి, అంతే.

మెట్రోలో చదవచ్చా అని కూడా అడుగుతున్నారు. చదవండి. కృష్ణుడు గీత చెప్పింది రెండు సైన్యాల మధ్య, రథం మీద.

ఈ వారానికి మన భాగం: 1వ అధ్యాయం 47 శ్లోకాలు రెండు రోజుల్లో, 2వ అధ్యాయం మొదటి 10 ఇంకో రెండు రోజుల్లో. మిగతా రోజులు మీవే. వచ్చే వారం వీడియో 2వ అధ్యాయం 11వ శ్లోకం నుంచి మొదలవుతుంది. పుస్తకం పక్కన పెట్టుకుని చూడండి.