పొట్టలో కొవ్వు.. ఒంట్లో వాపు

ప్రశ్న: నా వయసు 52. లావుగా లేను గానీ పొట్ట పెరిగింది. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. సీఆర్‌పీ కూడా కాస్త ఎక్కువుందన్నారు. జ్వరం, నొప్పులేమీ లేవు. హెచ్‌బీఏ1సీ, సీఆర్‌పీ.. ఈ రెంటికీ సంబంధముందా? ఇదంతా వయసు ప్రభావమేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సంబంధం ఉందండీ. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు గ్లూకోజును తెలిపితే, సీఆర్‌పీ ఒంట్లో వాపును (ఇన్‌ఫ్లమేషన్‌) సూచిస్తుంది. దెబ్బ తగిలినప్పుడు వచ్చే వాపు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కానీ పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు వాపును ప్రేరేపించే రసాయనాలను నిత్యం విడుదల చేస్తూనే ఉంటుంది. ఇవి ఇన్సులిన్‌ పనికి అడ్డుపడతాయి. దీంతో రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. రక్తనాళాలూ దెబ్బతింటాయి. వయసుతో పాటు పాతబడిన కణాలూ ఇలాంటి రసాయనాలనే వదులుతాయి. వయసును ఆపలేం. కొవ్వును మాత్రం తగ్గించుకోవచ్చు.

హెచ్‌బీఏ1సీని బట్టి చూస్తే మీది ఇంకా మధుమేహానికి ముందు దశే. ఇప్పుడు జాగ్రత్తపడితే తిరిగి మామూలు స్థాయికి రావొచ్చు.

* నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు మించకుండా చూసుకోండి.
* వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవండి. రెండు రోజులు కండరాల వ్యాయామాలు చేయండి.
* కంచంలో అన్నం సగానికి తగ్గించి.. ఆకుకూర పప్పు, బీరకాయ, సొరకాయ కూరలు పెంచండి.
* సిగరెట్లు, బీడీల అలవాటుంటే మానెయ్యండి. రాత్రి 7 గంటలు నిద్రపోండి.
* పళ్లు తోముతున్నప్పుడు రక్తం వస్తుంటే దంత వైద్యుడికి చూపించుకోండి. చిగుళ్ల జబ్బూ వాపును పెంచుతుంది.

జలుబు చేసినా సీఆర్‌పీ పెరుగుతుంది. ఒక్క ఫలితానికే బెంగ పడొద్దు. 3 నెలల తర్వాత మళ్లీ పరీక్షలు చేయించుకోండి. అతిదాహం, తరచూ మూత్రం, అకారణంగా బరువు తగ్గటం, సీఆర్‌పీ లీటరుకు 10 మి.గ్రా. దాటటం వంటివి ఉంటే వెంటనే డాక్టరును కలవండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.