డీపీ నుంచి గేటు దాకా: ఆన్‌లైన్‌లో మీ పని కనబడుతోందా?

చిరాగ్‌పల్లి దాటితే కర్ణాటకే. 65వ నంబరు జాతీయ రహదారి మీద అటు పోతే హుమ్నాబాద్, ఇటు వస్తే జహీరాబాద్, ఇంకా ముందుకొస్తే పటాన్‌చెరు. ఈ చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివినవాళ్లు నౌకరీ వెతుక్కునేది చాలావరకు ఈ రోడ్డు పొడవునే. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ప్లాంటు ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల జాబితాలో జహీరాబాద్ పేరు కూడా ఉంది. రేపు ఇక్కడ ఖాళీలు పడినప్పుడు, మీ దరఖాస్తు అందుకున్నవాళ్లు ఫోన్‌లో మీ పేరు కొట్టి చూస్తే ఏం కనబడుతుంది?

మన దగ్గర ఈ పరిశీలన లింక్డ్‌ఇన్‌తో మొదలవదు. రెజ్యూమె ముందు కాంట్రాక్టర్‌కు వాట్సాప్‌లో పోతుంది, అక్కడి నుంచి హెచ్‌ఆర్‌కు ఫార్వర్డ్ అవుతుంది. నంబరు సేవ్ చేసుకోగానే వాళ్లకు కనబడేది మీ డీపీ. అక్కడ సినిమా హీరో బొమ్మో, ముందు చక్రం గాల్లోకి లేపిన బైకో ఉంటే మీరెవరో వాళ్లకు తెలియదు. స్టూడియోకు పోనక్కర్లేదు, పగటి వెలుతురులో గోడ ముందు నిలబడి ముఖం స్పష్టంగా కనబడేలా తీసుకున్న ఫొటో చాలు. రీచార్జి ఆఫర్ కోసం తరచూ సిమ్ మార్చే అలవాటుంటే మానుకోండి. ఇంటర్వ్యూ కాల్ పాత నంబరుకే వస్తుంది.

ప్రొఫైల్‌లో ఏం పెట్టాలి అని అడిగేవాళ్లకు నేను జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్‌ను చూపిస్తాను. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు, వారిలో చాలామంది దళిత రైతులు, యూట్యూబ్ పుట్టకముందే కెమెరా చేతబట్టారు. వరంగల్ ప్రాంతానికి వెళ్లి, బీటీ పత్తి వేసిన రైతులను మళ్లీ మళ్లీ కలిసి, విత్తిన నాటి నుంచి లెక్క తేలేదాకా చిత్రించారు. ఆ చిత్రాలు దేశం దాటి వెళ్లాయి. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో వీళ్ల సంఘం రేడియో మొదలైంది. దాన్ని ముందుండి నడిపినవారిలో ‘జనరల్’ నర్సమ్మ ఒకరు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ ఈ సంస్థకు దక్కింది. ఈ ఆడవాళ్లు తమ గురించి గొప్పలు చెప్పుకోలేదు. చేలో జరిగేదాన్ని తమ భాషలో, ఏళ్ల తరబడి, వరస తప్పకుండా చూపించారు. ‘ప్యాషనేట్’, ‘హార్డ్‌వర్కింగ్’ అని రాసుకునే మన పిల్లలు నేర్చుకోవాల్సింది ఇదే. ఆ మాటలు ప్రతి ప్రొఫైల్‌లోనూ ఉంటాయి, చదివేవాళ్లే ఉండరు.

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా చోటుంది. చాలామంది దాన్ని ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అనే ఒక్క ముక్కతో వదిలేస్తారు. మీది ఫిట్టర్ ట్రేడ్ అనుకోండి. ఐటీఐ రెండో సంవత్సరం, ఫైలింగ్, డ్రిల్లింగ్, వెర్నియర్, మైక్రోమీటర్ కొలతలు వచ్చు అని రాయండి. వర్క్‌షాప్‌లో చేసిన జాబ్ ఫొటో ఒకటి పెట్టి, డ్రాయింగ్‌లో కొలత ఎంత, మీకు వచ్చింది ఎంత, తేడా ఎందుకొచ్చింది, ఎలా సరిచేశారు అని నాలుగు వాక్యాలు చేర్చండి. సూపర్‌వైజర్‌కు అవి చాలు, మీ చెయ్యి ఎలాంటిదో పట్టేస్తాడు. బీకామ్ వాళ్లయితే ట్యాలీలో చేసిన ప్రాక్టీసు గురించి రాయొచ్చు. వ్యవసాయం చదివేవాళ్లకు రాయడానికి చుట్టూ చెరకు, అల్లం తోటలే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో తప్పులు దొర్లుతాయేమోనని భయపడి ఏమీ రాయకుండా కూర్చోవద్దు. చిన్న వాక్యాలు రాసి, లెక్చరర్‌కు చూపించి పెట్టండి.

సరిహద్దులో పెరిగినవాళ్లకు ఇంకో ఆస్తి ఉంది. తెలుగుతో పాటు కన్నడం, హిందీ, ఉర్దూ నోట్లో ఆడేవాళ్లు ఇక్కడ ఎంతోమంది. సేల్స్, లాజిస్టిక్స్, కస్టమర్ కేర్, విడిభాగాల డీలర్‌షిప్ లాంటి కొలువుల్లో అది అసలైన అర్హత. అయినా ప్రొఫైల్‌లో భాషల గడి ఖాళీగానే ఉంటుంది. అది మామూలే కదా అనుకుంటారు. హైదరాబాద్‌లో కూర్చుని మనిషిని ఎంచుకునేవాళ్లకు అది మామూలు కాదు.

పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. అప్రెంటిస్‌గా చేరిన ఉత్సాహంలో షాప్‌ఫ్లోర్ మీద రీల్ తీయకండి. చాలా ఫ్యాక్టరీల్లో లోపల ఫొటోలు నిషేధం. బయటికి రాని మోడల్ మీ వెనక కనబడిందంటే ఉద్యోగం ఊడినట్టే. ఆధార్, మార్కుల మెమో, ఆఫర్ లెటర్ ఫొటోలు స్టేటస్‌లో పెట్టడం మోసగాళ్లకు మీ వివరాలు అప్పగించడమే. అభిప్రాయాలు ఉండొచ్చు, అభిమాన హీరోలూ ఉండొచ్చు. కులం, మతం పేరెత్తి తిట్టిన కామెంటు మాత్రం ఎప్పటిదైనా తీసేయండి. దాని మీద కేసు అయితే పోలీసు కొలువు, సర్కారు కొలువు వెరిఫికేషన్‌లో జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు ఈ విషయం ఇంకా దగ్గరగా తగులుతుంది. గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలను వీసా దరఖాస్తులో 2019 నుంచే అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసా దరఖాస్తుదారులు తమ ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలన్నారు. అదే ఏడాది డిసెంబరు నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 వాళ్లకూ అదే నియమం పెట్టారు.

ప్రొఫైల్ తెరిచాక మంచి కబుర్లతో పాటు దొంగ కబుర్లూ వస్తాయి. పెద్ద కంపెనీ పేరు చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అడిగితే అది మోసమే. వీడియోలకు లైకులు కొడితే డబ్బిస్తామన్నా, మీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకుంటామన్నా అంతే. ఖాతా ఇస్తే బాధితులు కాదు, నిందితులవుతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ ఆదివారం ఒక గంట తీసుకోండి. గూగుల్‌లో మీ పేరు, ఊరు, కాలేజీ కలిపి కొట్టి చూడండి. అక్కర్లేనివి తీసేసి, డీపీ మార్చి, భాషల గడి నింపి, మీ చేతులతో చేసిన ఒక్క పని గురించి నాలుగు వాక్యాలు రాసి పెట్టండి.