ఇంటికీ ఒక ఆవర్జా: సలహాదారుకు దలాలీ ఎవరిస్తున్నారు?

గుడివాడ ధాన్యం వ్యాపారిని ఈవేళ్టి ధారణ అడిగితే బస్తాకు రూపాయి తేడా లేకుండా చెబుతాడు. ఏ మిల్లరు ఎన్నాళ్ళకు డబ్బు ఇస్తాడో, ఏ రైతు దగ్గర ఎంత నిలిచిపోయిందో చిట్టా తెరవకుండానే చెప్పగలడు. అదే మనిషిని "రేపు మీరు లేకపోతే ఇంట్లోవాళ్ళకు ఎంత మిగులుతుంది?" అని అడగండి. "మా ఏజెంటుకు తెలుసు" అంటాడు, లేదా "ఆడిటరు గారు చూస్తారు" అంటాడు. నిజానికి ఏజెంటుకు తెలిసినది తాను కట్టించిన పాలసీలు. ఆడిటరుకు తెలిసినది పన్ను. చిట్టీ కంపెనీకి తెలిసినది వాయిదా తేదీ. మొత్తం లెక్క ఒక్కచోట చూసినవాడు ఎవడూ లేడు.

అప్పు, ఆస్తి, బీమా, పిల్లల చదువు, వృద్ధాప్యం, వారసత్వం, వీటన్నిటినీ ఒకే ఆవర్జాలో వేసి చూడడమే నేటి పాఠం. పట్టణాల్లో దీనికి ఫైనాన్షియల్ ప్లానింగ్ అని పేరు పెట్టారు.

ముందుగా సలహా చెప్పేవాడి సంగతి. అమ్మేవాడి దగ్గర దలాలీ పుచ్చుకున్న బ్రోకరు కొనేవాడి మేలు ఎంతవరకు చూస్తాడో మార్కెట్టు వారికి వేరే చెప్పనవసరం లేదు. పాలసీ ఏజెంటు, మ్యూచువల్ ఫండు పంపిణీదారు, కౌంటరు వెనుక నుంచి బీమా అమ్మే బ్యాంకు ఉద్యోగి, వీరందరి ప్రతిఫలమూ సరుకు తయారుచేసిన కంపెనీ వైపు నుంచే వస్తుంది. అందువల్ల వారు చెడ్డవారని కాదు. వారు అమ్మకందారు తరఫు దలాలీలని గుర్తుంచుకుంటే చాలు. "మీకు కొత్త పాలసీ అక్కరలేదు, ముందు అప్పు తీర్చండి" అని చెప్పినందుకు వారికి పైసా రాదు.

సెబీ 2013లో పెట్టుబడి సలహాదారులకు వేరే నిబంధనలు తెచ్చింది. అందులో రిజిస్టరైన వ్యక్తి మీ దగ్గరే ఫీజు తీసుకోవాలి. మీకు సలహా చెబుతూ కంపెనీల నుంచి మీ ఖాతా మీద కమిషన్ తీసుకోకూడదు. అతని రిజిస్ట్రేషన్ నంబరు ఐ.ఎన్.ఎ. అక్షరాలతో మొదలవుతుంది; ఎ.ఆర్.ఎన్. అని ఉంటే పంపిణీదారు. ఈ తేడా సెబీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. బ్రిటన్ 2012 చివరి నుంచి పెట్టుబడుల సలహాపై కమిషన్‌నే నిషేధించింది. మన దివిసీమలో ఇటువంటి సలహాదారు వీధికొకడు దొరకడన్నది నిజమే. అయితే ఫీజు ఇవ్వడానికి మనసొప్పని వ్యాపారి, కనబడని కమిషన్‌ను ఏటేటా తన ప్రీమియంలోనే చెల్లిస్తున్నాడన్నదీ అంతే నిజం.

తెలిసినవాడు చెప్పాడన్నది హామీ కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ సుమారు 32 లక్షల ఖాతాల నుంచి 6,380 కోట్ల రూపాయల దాకా వసూలు చేసినట్లు ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క. 2014-15లో చెల్లింపులు నిలిచిపోయేదాకా ఆ డబ్బును ఇంటింటికీ తిరిగి వసూలు చేసినవారిలో ఇరుగుపొరుగువారూ, బంధువులూ ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది తమ సొంత డబ్బు కూడా పోగొట్టుకున్నారు.

నమ్మకమన్నది సంస్థ కట్టుబాటులో ఉండాలన్న సంగతి బందరుకు కొత్త కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో 1923 నవంబరులో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వచ్చింది. అంతకు ముందే, 1915లో, జిల్లా సహకార బ్యాంకు ఏర్పడింది. పొదుపు, ప్రాణరక్షణ, పంటకు అప్పు, ఈ మూడూ ఒకే కుటుంబానికి కావలసినవే. జీవిత బీమా కంపెనీలు 1956లో జాతీయమైనాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఒకే ఊళ్ళో ఎదురెదురుగా ఉన్న లెక్కలు ఇప్పుడు నాలుగు చోట్లకు పోయాయి.

ఇక ఆవర్జా రాసి చూద్దాం. ఉదాహరణకు ఒక వ్యాపారికి సరుకు నిల్వ 22 లక్షలు, రావలసిన బాకీలు 24 లక్షలు అనుకోండి. బ్యాంకు క్యాష్ క్రెడిట్ 30 లక్షలు, చేబదుళ్ళు 8 లక్షలు. పుస్తకంలో 8 లక్షలు మిగులు. బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. అతడు హఠాత్తుగా పోతే? తొందర అమ్మకంలో సరుకుకు 19 లక్షలు వస్తే గొప్ప. మనిషి లేని బాకీ సగం వసూలైతే 12 లక్షలు. మొత్తం 31 లక్షలు. అప్పు 38 లక్షలు. 8 లక్షల మిగులు 7 లక్షల లోటుగా మారింది, ఇల్లేమో తాకట్టులో ఉంది. ఏటా 55 వేలు కడుతున్న మూడు పాలసీల మీద వచ్చే సొమ్ము 9 లక్షలు. లోటు పూడ్చగా మిగిలేది 2 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 40 వేలైతే అది అయిదు నెలల తిండి.

ఆ మూడు పాలసీలూ మంచివే కావచ్చు. కానీ వాటిని అమ్మినవారెవరూ ఈ 38 లక్షల గురించి అడగలేదు. అడిగి ఉంటే, చెల్లింపులు తిరిగి రాని టర్మ్ పాలసీ ముందు తీసుకోమనేవారు. అదే ప్రీమియంలో రక్షణ ఎన్నో రెట్లు పెద్దది. కాకపోతే దాని మీద దొరికే కమిషన్ చిన్నది.

డెల్టా వ్యాపారికి ఇంకో చిక్కుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు వ్యాపారి ఇల్లూ, గోడౌనులో సరుకూ, అతనికి బాకీ ఉన్న రైతు పొలమూ ఒకే నీటిలో ఉన్నాయి. పుస్తకంలో నాలుగు పద్దులుగా కనిపించే ఆస్తి నిజానికి ఒక్కటే పద్దు. కాబట్టి కొంత డబ్బయినా ఆ నీరు చేరని చోట, ఆ పంటతో సంబంధం లేని రూపంలో ఉండాలి. గోడౌను పాలసీలో తుఫాను, వరద నష్టం ఉన్నదో లేక ప్రీమియం తగ్గుతుందని తీయించివేశారో చూసుకోవాలి. 40 లక్షల సరుకుకు 20 లక్షల బీమా చేసి ఉంటే, నష్టం 10 లక్షలైనా యావరేజ్ షరతు కింద వచ్చేది 5 లక్షలే. మినుములు గోడౌను నిండా ఉన్న నెలలో ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

భాగస్తులున్న వారికి: 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పుకు ప్రతి భాగస్తుడూ పూర్తిగా బాధ్యుడు. ఒప్పందంలో వేరే రాసుకుంటే తప్ప, ఒకరు పోతే సంస్థే రద్దవుతుంది. పత్రం తీసి ఆ షరతు ఉన్నదో లేదో చదవండి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పవు.

చివరిగా వ్యాపారస్తులకు అంతగా తెలియని ఒక సదుపాయం. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1874లోని 6వ సెక్షను కింద భార్యా పిల్లల పేర తీసుకున్న జీవిత బీమా సొమ్ము వారి ట్రస్టు సొత్తు అవుతుంది; వ్యాపారి అప్పులవాళ్ళు దానిని జప్తు చేయలేరు. అప్పులు ఎగవేసే ఉద్దేశంతో తీసుకున్న పాలసీకి మాత్రం ఈ రక్షణ లేదు. ప్రపోజల్ ఫారం నింపే రోజునే ఈ సెక్షను కింద అని రాయించాలి. పాత పాలసీలకు తరువాత చేర్చడం కుదరదు. ఒకసారి రాసినది వెనక్కి తీసుకోవడమూ కుదరదు.