కొబ్బరి నీడన ఏ పంట? రాబడితోపాటు రక్షణ కూడా చూసుకోండి

కొబ్బరికాయ ధర పడిపోయినప్పుడల్లా కోనసీమలో ఒకే మాట వినపడుతుంది: అంతరపంట ఉంటే గట్టెక్కేవాళ్లం అని. మాట నిజమే. అయితే ఏదో ఒకటి వేస్తే సరిపోదు. కొబ్బరిని దెబ్బతీసేదే అంతరపంటనూ దెబ్బతీస్తే, పేరుకు రెండు పంటలున్నా ఆపదలో ఒక్క పంట కిందే లెక్క.

చోటు ఎంత?
8 మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఒక్కో చెట్టుకు 64 చదరపు మీటర్ల నేల వస్తుంది. కొబ్బరి వేళ్లు చాలావరకు మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి. అంటే చెట్టుకు గట్టిగా కావలసింది 13 చదరపు మీటర్లే. మిగతా నేల ఖాళీయే. తోట లేతగా ఉన్న 7, 8 ఏళ్లు అరటి, కూరగాయలు వేసుకోవచ్చు. ఆ తర్వాత నీడ చిక్కబడుతుంది కనుక కంద, పసుపు వంటివి మేలు. 25 ఏళ్లు దాటిన తోటలో వెలుతురు మళ్లీ దిగుతుంది. కోకో, మిరియం, అరటికి అది అనువు.

ముప్పు విడివిడిగా ఉండాలి
1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. కొత్తగా నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. అదే గాలికి అరటీ నిలవదు. 2016లో మన దేశంలో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ కూడా కొబ్బరితోపాటు అరటినీ పడుతుంది. కాబట్టి కొబ్బరికి అరటి ఒక్కటే తోడైతే భరోసా తక్కువే. కంద దుంప నేలలో ఉంటుంది, గాలికి పోదు. కానీ నీరు నిలిస్తే కుళ్లిపోతుంది. 2022 జూలైలో వచ్చినట్టు గోదావరి వరద ముంచే లంక భూముల్లో కందనే నమ్ముకోకండి. మురుగు పోయే బోదెలు ఉన్న చోటే వేయండి.

డబ్బు ఎప్పుడొస్తుంది?
కంద 8 నెలలకు, అరటి ఏడాదికి అటూఇటుగా చేతికొస్తాయి. కోకో మూడో ఏట కాపు మొదలుపెడుతుంది. కౌలుకు చేసేవారు గడువు చూసుకోకుండా కోకో జోలికి పోవద్దు. దింపుకూ దింపుకూ మధ్య ఇల్లు గడవాలంటే పాడి మంచి ఆసరా. చెట్ల మధ్య పచ్చిమేత పెంచితే మేత ఖర్చు తగ్గుతుంది, పేడ ఎరువు పాదులకు చేరుతుంది.

ఈ జాగ్రత్త మరవకండి
ఏ పంట ఎరువు ఆ పంటకు విడిగా వేయాలి. కొబ్బరికి వేసిందే అంతరపంటకూ చాలుతుందనుకుంటే రెండూ చిక్కిపోతాయి. తెల్లదోమ కనపడగానే ఘాటు మందులు కొట్టకండి. దాన్ని అదుపుచేసే మిత్రపురుగులూ చచ్చిపోతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను అడిగి నడుచుకోండి.

ఈ ఏడు నాటేముందు ఒక కాగితంపై మూడు గళ్లు గీయండి. ఒకదానిలో పంట, రెండోదానిలో డబ్బు వచ్చే నెల, మూడోదానిలో ఆ పంటను పోగొట్టేది: గాలి, వరద, పురుగు, ధర. మూడో గడిలో అన్నిటికీ ఒకటే పడిందా? అయితే ఒక పంటనైనా మార్చండి. పాడిని కూడా ఆ లెక్కలో రాయడం మరచిపోకండి.