సెన్సార్ చెప్పింది, నేను వినలేదు

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పానా పట్టాను. కార్బొరేటర్ల కాలంలో పని నేర్చుకున్నవాణ్ణి. ఆక్సిజన్ సెన్సార్ సంగతి దెబ్బ మీద దెబ్బ తిని తెలుసుకోవలసి వచ్చింది. ఆ దెబ్బలకు ఖర్చు పెట్టుకున్నది మాత్రం కారు తెచ్చినవాళ్లు.

1. లైటు వెలిగిందని సెన్సార్ పోయినట్టు కాదు.

ఒక స్కూలు మాస్టారు కారు తెచ్చారు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, మైలేజీ పడిపోయింది. స్కానర్ పెడితే పీ0171 వచ్చింది. పెట్రోలుకు తగిన దానికంటే గాలి ఎక్కువైందని దాని అర్థం. ఇంకేమీ చూడకుండా సెన్సార్ మార్చాను. వారం తిరక్కుండా లైటు మళ్లీ వెలిగింది. ఇంకో సెన్సార్ వేశాను. మూడోసారి వచ్చినప్పుడు, పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి పొగ బయటికి వెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ జాయింట్ దగ్గర చెయ్యి పెట్టాను. వేళ్లకు టుప్పు టుప్పుమని గాలి తగిలింది. గాస్కెట్ కాలిపోయి ఉంది. ఆ సందులోంచి బయటి గాలి పొగలో కలుస్తోంది, సెన్సార్ ఉన్నమాటే చెబుతోంది, అది నమ్మి ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది. గాస్కెట్ మార్చిన కూలి తీసుకోలేదు. రెండు సెన్సార్ల డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

2. బిగుసుకున్నదాని మీద బలం చూపకు.

ఇంకో కారులో సెన్సార్ బిగుసుకుపోతే, పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద, పానాకు పొడుగు పైపు తగిలించి లాగాను. సెన్సార్‌తో పాటు మానిఫోల్డ్ మరలూ ఊడొచ్చాయి. తుప్పు వదిలే నూనె పట్టించి, కాస్త వెచ్చగా ఉండగా, వైరు దూరే చీలిక ఉన్న 22 నంబరు సాకెట్‌తో తియ్యాలి నాయనా.

3. వైరుకు టంకం వెయ్యకు.

సెన్సార్ లోపలి జిర్కోనియా గొట్టానికి ఒక పక్క పొగ, ఇంకో పక్క బయటి గాలి. రెండింటిలోని ఆక్సిజన్ తేడానే అది వోల్టేజీగా చెబుతుంది. చాలా సెన్సార్లకు ఆ బయటి గాలి వైరు పోగుల సందుల్లోంచే అందుతుంది. అతుకు గట్టిగా ఉండాలని టంకం పోసి, నేను దాని ఊపిరి మూసేశాను.

4. తీసేసిన వస్తువును పారెయ్యకు.

మాస్టారి కారులోంచి తీసిన మొదటి సెన్సార్ షెడ్డు గూట్లో ఉండిపోయింది. ఆయన పోయాక, షెడ్డు ఖాళీ చేస్తుంటే చేతికి దొరికింది. వైసులో బిగించి, వైర్లకు మల్టీమీటర్ పెట్టి, కొనకు గ్యాస్ టార్చి మంట పట్టాను. సుమారు 300 డిగ్రీలు దాటితే గాని అది పలకదు, కాసేపు ఆగాను. అంకె నెమ్మదిగా లేచి 0.8, 0.9 వోల్టులకు చేరింది. మంట తీస్తే 0.1కి దిగింది. మళ్లీ పట్టాను. మళ్లీ 0.9. సెన్సార్ నిక్షేపంలా ఉంది.