గన్‌మన్ ఉద్యోగం కోసం పాత రైఫిల్ కొనబోతున్నారా?

తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం మొదలుకొని ఆకివీడు, కొల్లేటి లంకల దాకా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. జవాన్లలో ఎక్కువమంది నలభై అటూ ఇటూగా ఉండగానే ఇంటికొచ్చేస్తారు. పెన్షన్ ఉన్నా పిల్లల చదువులకు ఇంకో జీతం కావాలి. బ్యాంకు, క్యాష్ వ్యాను, బంగారం కొట్టు కాపలా అలవాటైన పనే. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి, "మిలిటరీ తీసేసిన రైఫిళ్లు చవగ్గా ఉన్నాయి, ఒకటి తీసుకుంటే ఉద్యోగం ఖాయం" అంటారు. ఆ మాట నమ్మి పైసా కూడా ఇవ్వొద్దు.

సైన్యం, పోలీసులు వాడిన .303, 7.62 రైఫిళ్లు మామూలు పౌరుడికి నిషిద్ధ ఆయుధాలు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డేతో .303కి వీడ్కోలు పలికారు. అలా పక్కన పెట్టినవి సంతలోకి రావు. వచ్చిందని ఎవరన్నా చెబితే అది దొంగ సరుకే. 2019లో చట్టం సవరించాక నిషిద్ధ ఆయుధం దగ్గరుంటే శిక్ష ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు.

ముందు ఉద్యోగం చూసుకోండి, తుపాకీ సంగతి తర్వాత. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోండి. ప్రభుత్వ బ్యాంకుల్లో సాయుధ గార్డుకు తుపాకీ బ్యాంకే ఇస్తుంది. ప్రైవేటు ఏజెన్సీ అయితే ఆయుధం ఎవరి పేరు మీద ఉంటుందో, మీ సొంత లైసెన్సు ఆ పనికి చెల్లుతుందో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద అప్పు చేసి తుపాకీ కొని, తర్వాత ఉద్యోగం లేదనిపించుకుంటే ఆ నష్టం ఇంటిల్లిపాదిదీ.

లైసెన్సుకు ఆకివీడు వాళ్లు భీమవరం కలెక్టరేట్‌కు వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి ఏలూరులో తీసుకున్న పాత లైసెన్సు ఉంటే చిరునామా, జిల్లా వివరాలు సరిచేయించుకోండి. జమ్మూ కశ్మీర్‌లో పోస్టింగులో ఉండగా లైసెన్సు తీసుకున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ 2012–16 మధ్య ఇచ్చిన లైసెన్సుల మీద సీబీఐ దర్యాప్తు జరిగింది. లైసెన్సు గడువు ఇప్పుడు ఐదేళ్లు, ఒకరి దగ్గర ఉండగలిగేవి రెండు తుపాకులే.

లైసెన్సు చేతికొచ్చాక సెకండ్‌హ్యాండ్‌లో 12 బోర్ డబుల్ బ్యారెల్, .315 రైఫిల్ లాంటివి చూడొచ్చు. డీలర్ కాకుండా సొంతదారే అమ్ముతుంటే కలెక్టర్‌కో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో ముందుగా రాసివ్వాలి. ఆ తర్వాత 45 రోజులు గడిస్తేనే చేతులు మారాలి. "తాతగారిది, అటక మీద ఉంది" అనే తుపాకీ జోలికి పోకండి. లైసెన్సుదారు పోయాక దాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో, డీలర్ దగ్గరో అప్పజెప్పాల్సింది.

చూసేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉందని ముందు మీరే తెరిచి చూసుకోండి. తుపాకీ మీద నంబరు అమ్మేవాళ్ల లైసెన్సులోని నంబరుతో ఒక్క అంకె కూడా తేడా లేకుండా కలవాలి. బ్యారెల్‌ను వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి: గోడ అద్దంలా మెరవాలి. మన కొల్లేటి చెమ్మకు తుప్పు పట్టి చిన్న చిన్న గుంటలు పడి ఉంటే, పైన పాలిష్ ఎంత బాగున్నా వదిలేయండి. తుపాకీ మూసి బ్యారెల్ పట్టుకుని కదపండి, కీలు దగ్గర లొడలొడలాడకూడదు. పాత విదేశీ తుపాకుల్లో కొన్ని 65 మిల్లీమీటర్ల తూటాలకే చేసినవి. వాటిలో 70 మిల్లీమీటర్లది పేలిస్తే ప్రాణం మీదికొస్తుంది. బ్యారెల్ మీద మెలికల చారలు కనిపిస్తే అది పాతకాలపు డమాస్కస్ రకం, ఇప్పటి తూటాలకు పనికిరాదు.

ఇంకొక్క మాట. చేపల చెరువు కాపలాకు రమ్మని, పిట్టల్ని కొట్టాలని చెబితే ఒప్పుకోకండి. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం. గూడబాతును కాలిస్తే కేసు మీ మీద పడుతుంది.

కొన్నాక వెంటనే లైసెన్సులో ఎంట్రీ వేయించుకోండి. ఎన్నికలొస్తే తుపాకీని స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు, రసీదు తీసుకోవడం మర్చిపోకండి. ఆ రోజుల్లో డ్యూటీ ఎలాగో ఉద్యోగంలో చేరేటప్పుడే యజమానితో తేల్చుకోండి.