యువజన సంఘములు మరల చిగిర్చుటెట్లు?

వర్షములు వెలిసిన వెనుక ఒకనాడు కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోవుట మాకు తటస్థించినది. పంచాయతీ కార్యాలయము ప్రక్కన చిన్న పెంకుటిల్లు కలదు. ద్వారముపై "యువజన సంఘము" అను అక్షరములు సగము వెలిసియున్నవి. తాళము త్రుప్పు పట్టినది. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని విచారింపగా ముగ్గురు మూడు పేర్లు చెప్పిరి. తుదకది పూర్వపు కార్యదర్శి యింటి చూరులో దొరికినది. లోపల విరిగిన క్యారమ్ బల్ల, గాలి లేని వాలీబాలు, చెదలు తిన్న పుస్తకముల బీరువా, దానిలో ఒక సభ్యత్వపు పట్టిక ఉన్నవి. పట్టికలో అరువదికి పైగా పేర్లు కలవు. రసీదు పుస్తకములోని చివరి రసీదు పండ్రెండేండ్ల క్రిందటిది.

ఆ గదిని ఊరివారు శ్రమదానముతో కట్టుకొనిరి. నాడు ఇటుకలు మోసినవారిలో కొందరు నేడు తాతలైరి. "ఈ కాలపు పిల్లలకు ఊరు పట్టదండీ, సెల్‌ఫోనే లోకము" అని వారిలో నొకరు మాతో అనిరి. ఈ మాటను మేము పెక్కు గ్రామములలో వింటిమి. విని తల యూపుట సులభము. కాని ఆ గ్రామములోనే వినాయక చవితికి పందిరి వేసినదెవరు? చందాలు ప్రోగుచేసి, తొమ్మిది రాత్రులు మేలుకొని, నిమజ్జనమునాడు ట్రాక్టరు ముందు నడచి త్రోవ నొత్తిగించినదెవరు? ఆ పిల్లలే. కావున లోపము ఉత్సాహమునందున్నదని మేము తలంపము. లోపమెచ్చట నున్నదో విచారించుటకే ఈ వ్యాసము.

సంఘము మూతపడిన నష్టమేమని అడుగువారు కలరు. క్యారమ్ బల్ల మాత్రమే పోయినచో నష్టము స్వల్పమే. అయితే 1977 నవంబరు 19వ తేదీని ఆ ప్రాంతపు పెద్దలు మరువలేరు. నాడు దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి పదివేలకు పైగా ప్రజలను పొట్టబెట్టుకొన్నది. బాటలు తెగినవి, తంతి స్తంభములు కూలినవి. అట్టి సమయమున బయటి సహాయము చేరులోపల చేయవలసిన పని అంతయు ప్రక్క ఊరివారిపైనను, బ్రతికి బయటపడినవారిపైనను పడును. పిమ్మట విద్యార్థులు, సేవాసంస్థల కార్యకర్తలు వచ్చి శవములను తొలగించి, బావులు శుభ్రపరచి, గుడిసెలు నిలిపిరి. నేడు తుపాను హెచ్చరిక కొన్నిదినములు ముందుగనే అందుచున్నది. తీరమున ఆశ్రయ భవనములున్నవి. చేతిలో ఫోను కలదు. కాని హెచ్చరిక అందుట వేరు. కాలువగట్టుమీది పూరింట నడువలేని ముసలమ్మను ఎవరు ఎత్తుకొని పోవలెనో ముందుగా నిర్ణయమై యుండుట వేరు. ఈ రెండవ పనిని ఏ కార్యాలయమును దూరమునుండి చేయజాలదు. ఊరిలో ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకొను సంఘమొకటి ప్రాణముతో నుండవలెను.

సంఘజీవనము తెలుగువారికి క్రొత్తది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, 1911లో విజయవాడయందు రామమోహన గ్రంథాలయము వెలసినవి. తరువాత ఊరూర పఠనమందిరములు లేచినవి. 1935లో కాలువమీద పడవలో పుస్తకములు పెట్టుకొని ఊరూరికి కొనిపోయినవారు కూడ మనవారే. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రామదండు పేర సేవాదళము నడపిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైనది. ఆ కాలమున గ్రామసేవకుల ప్రోత్సాహముతో యువజన సంఘములు, యువరైతు సంఘములు పుట్టినవి. 1969లో జాతీయ సేవా పథకము, 1972లో నెహ్రూ యువకేంద్రములు వచ్చినవి. పేర్లను వల్లించుట మా ఉద్దేశము కాదు. పఠనమందిరమును నడపిన యువకునకు ప్రతి సాయంకాలము చేయవలసిన పని యొకటి ఉండెడిది. దీపము వెలిగించుట, పత్రిక తెరచుట, చదువురానివారికి చదివి వినిపించుట, పుస్తకము తీసికొనిపోయిన వాని పేరు వ్రాసికొనుట. పని చిన్నది. కాని అతడొకనాడు రాకున్న పదిమంది అరుగుమీద ఎదురుచూచెడివారు.

ఎదురుచూచువారు లేని సంఘము ఎండిపోవును. నేటి సంఘములలో పెక్కింటికి ఆగస్టు పదునైదు, సంక్రాంతి ఆటల పోటీలు తప్ప పని లేదు. ఏడాదిలో రెండుదినములు పని చేయు సంఘము తక్కిన దినములందు ఒక బోర్డు మాత్రమే.

రెండవ కారణము లెక్కలు. ఇది చెప్పుటకు కొంచెము కష్టముగ నుండును, అయినను చెప్పక తప్పదు. సంఘములను చంపినది సోమరితనముకన్న అనుమానమే యెక్కువ. అధ్యక్షుడు సొమ్ము తినియుండకపోవచ్చును. సామాన్యముగ తినడు, చేతిడబ్బే పెట్టును. కాని లెక్క చదువడు. వాలీబాలు వలకు ఎంతైనదో ఎవరికిని తెలియదు. తెలియనిచోట గుసగుస పుట్టును, గుసగుస పుట్టినచోట చందా ఆగును, చందా ఆగినచోట "నా కెందుకీ మాటలు" అని అధ్యక్షుడు తాళము వేసికొని పోవును. మేము చూచిన గ్రామములో జరిగినది సరిగా ఇదే. ఆ పూర్వపు కార్యదర్శి తన పెట్టెనుండి మడతలుపడిన రసీదులన్నిటిని తీసి మాకు చూపెను. ఒక్క రూపాయి తేడా లేదు. పండ్రెండేండ్లుగా అవి ఆ పెట్టెలోనే ఉన్నవి. నాడొక సాయంకాలము వానిని పదిమంది ముందు చదివియున్నచో ఆ గదికి తాళము పడెడిది కాదు.

మావంటి ఉద్యోగుల దోషమును కూడ దాచనేల? సంఘములెన్ని యున్నవని పైనుండి అడుగుదురు. క్రిందివారు సంఖ్య పంపుదురు. ఆటవస్తువులో, రుణమో ఇత్తుమన్న యేడు సంఘములు పుట్టగొడుగులవలె లేచును. ఆ సహాయమాగిన మరుసటి యేడు వానిని వెదకి పట్టుకొనవలసి వచ్చును. సహాయముకొరకు పుట్టిన సంఘము సహాయముతోనే పోవుట వింత కాదు.

మరి చేయవలసినదేమి? మొదట క్రొత్త సభ్యులకై కరపత్రములు వేయకుడు. పాత పట్టికను చేతబట్టుకొని ఇల్లిల్లు తిరుగుడు. ఇద్దరిద్దరుగా పొండు. "ఎందుకు మానితివి?" అని నిలదీయక, "సంఘము ఏమి చేసిన బాగుండునన్నా?" అని అడుగుడు. చెప్పినదానిని అక్కడనే వ్రాసికొనుడు. పట్టణమునకో, పరదేశమునకో వలసపోయినవారి పేర్లు కొట్టివేయక వేరు పుటలో ఉంచుడు. వారు సాయంకాలపు సమావేశమునకు రాలేకున్నను, ఫోనుమీద లెక్క చూడగలరు, పోటీ పరీక్షకు చదువుచున్న తమ్మునికి త్రోవ చెప్పగలరు. వారిని చందాకొరకు మాత్రమే తలచుట మంచిది కాదు.

తరువాత పని నొకదానిని ఎన్నుకొనుడు, ఒకదానినే. నెలలోపల ముగియునది, ముగిసినట్లు ఊరందరికి కనబడునది కావలెను. తీరప్రాంతపు గ్రామమైనచో తుపాను పట్టిక వ్రాయుట మా దృష్టిలో మిక్కిలి తగిన పని. రెండువందల ఇండ్ల ఊరికి ఇరువదిమంది చాలుదురు. ఒక్కొక్కనికి పది యిండ్లు. ఏ యింట నడువలేని వృద్ధులున్నారు, ఎవరు నిండుచూలాలు, ఎవరు వేటకు సముద్రముపైకి పోవుదురు, ఎవరికి ట్రాక్టరు కలదు, ఆశ్రయ భవనపు తాళము ఎవరియొద్ద నున్నది, ఇవి వ్రాయవలెను. ప్రతి పది యిండ్లవారికిని తమ స్వయంసేవకుడెవరో తెలియవలెను. తుపానులు హెచ్చుగా వచ్చునది అక్టోబరు, నవంబరు మాసములలో. కావున పట్టిక సెప్టెంబరులోపల సిద్ధము కావలెను. ఏడాదికొకసారి దానిని తిరుగవ్రాయవలెను, ఏలనన ముసలివారు పోవుదురు, బిడ్డలు పుట్టుదురు. ఈ పని ప్రతి యేడు సంఘమును ప్రతి గడపకు తీసికొనిపోవును.

మెట్టప్రాంతమువారికి వేరు పనులున్నవి. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద పెక్కు చెరువులకు పూడిక తీసిరి. పూడిక తీయుట ఒకసారి జరుగు పని. తూము, అలుగు, చెరువులోనికి నీరు తెచ్చు కాలువ కనిపెట్టుకొని యుండుట ఏటేట చేయవలసిన పని. తొలకరికి ముందు కాలువలోని కంపను కొట్టివేయుటకు పదిమంది ఒక ఉదయము చాలును. రక్తదాతల పట్టిక వ్రాయుట ఏ ఊరికైనను తగినదే. పదునెనిమిది యేండ్లు నిండి, కనీసము నలుబదియైదు కిలోల బరువుండి, వైద్యులు తగుదురన్నవారు రక్తమీయవచ్చును. ఒకసారి యిచ్చిన తరువాత పురుషులు తొంబది దినములు, స్త్రీలు నూటయిరువది దినములు ఆగవలెను. ఎవరు ఎప్పుడిచ్చిరో తేదీ వ్రాసియుంచినచో అర్ధరాత్రి ప్రసూతి కేసు వచ్చినపుడు వెదకులాట తప్పును.

పుస్తకములు నాలుగు చాలును: సభ్యత్వపు పట్టిక, సమావేశపు మినిట్సు, రొక్కపు చిట్టా, రసీదులు. చందా పదిరూపాయలే కానిండు, రసీదు ఈయకుండ పుచ్చుకొనరాదు. నెలకొక దినము, ఉదాహరణమునకు మొదటి ఆదివారము, సమావేశపు దినముగా స్థిరపరచి ముగ్గురే వచ్చినను జరుపుడు. ఆ నెల లెక్కను పెద్దకాగితముమీద వ్రాసి గోడకు అంటింపుడు. అధ్యక్ష పదవి రెండేండ్లకు మించి ఒకనియందే యుండనీయకుడు. మంచివాడైనచో మరియు ముఖ్యముగ. అతనికి అలసట వచ్చువరకు ఉంచుటవలన అతడును చెడును, సంఘమును చెడును. సంఘమును రిజిస్టరు చేయించ దలచినవారు ఏడుగురైనను ఉండవలెను. ప్రతి సంవత్సరము సర్వసభ్య సమావేశము జరిపి కార్యవర్గపు పట్టికను రిజిస్ట్రారునకు పంపుట మరువరాదు. అయితే రిజిస్ట్రేషను మొదటి మెట్టు కాదు. పని ఆరునెలలు నిలిచిన తరువాత దాని సంగతి చూచుకొనవచ్చును.

పెద్దలకొక మనవి. సమావేశమునకు పిలిచినచో రండు, పిలువనిచో రాకుడు. యువకులు తప్పు చేయుటకు కొంత చోటు విడువుడు. రాజకీయ పక్షముల జెండాలను గది వెలుపలనే ఉంచుట అందరికిని మేలు. పదునెనిమిది యేండ్లకే ఓటుహక్కు 1989లో లభించినది. ఎవరి ఓటు వారిది, గది మాత్రము అందరిది.

మేము చెప్పుచున్న గ్రామమున ఆ సాయంకాలమే పదిమందికి పైగా ఆ గదిముందు చేరిరి. కార్యదర్శి రసీదులు చదువనారంభించెను. మొదట కొందరు నవ్విరి, తరువాత వినిరి. చదువుట ముగియగానే పూర్వము చందా మానినవారిలో నొకరు లేచి, "బాబాయిగారూ, ఇది అప్పుడే చెప్పకపోతిరా" అనిరి. ఆయన మాటాడలేదు. వెనుక గోడనానుకొని నిలిచియున్న ఒక అమ్మాయి, డిగ్రీ చదువుచున్నదట, "మేము కూడా చేరవచ్చునాండీ?" అని అడిగినది. నియమావళి తీసి చూచితిమి. స్త్రీలు చేరరాదని అందెక్కడను లేదు. ఇంతకాలము ఎవరును అడుగలేదు, ఎవరును పిలువలేదు. ఆడవారున్న యిండ్ల వివరములు, చూలాండ్ర సంగతి మగపిల్లలు అడిగిన ఎవరు చెప్పుదురు? తుపాను పట్టికలో సగము పని ఆ అమ్మాయియు, ఆమె స్నేహితురాండ్రును చేయవలసినదే.

ఆ రాత్రి కొందరు బీరువాలోని చెదలు దులిపిరి. క్రొత్త తాళము కొనుటకు అచటనే చిల్లర ప్రోగుచేసి మొదటి రసీదు వ్రాసిరి. తాళపుచెవులు మూడు చేయింప నిశ్చయించిరి: ఒకటి కార్యదర్శికి, ఒకటి ఆ అమ్మాయికి, మూడవది పంచాయతీ కార్యాలయములో మేకుకు.